ప్లగ్ పెట్టకు తమ్ముడూ, ముందు మూత తియ్యి

ఉత్తరం: "అన్నయ్య గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా మావయ్య సహకార బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆ బ్రాంచి స్టోర్ రూము ఖాళీ చేస్తుంటే పాత సామాన్ల వేలంలో మూడు టెర్మినళ్ళు, అంటే బ్యాంకు కౌంటర్ల మీద ఉండే పాత స్క్రీన్ పెట్టెలు, 1,800 రూపాయలకి కొన్నాను. రెండు వైస్ కంపెనీ వైస్ 60లు, ఒకటి డెక్ కంపెనీ వీటీ220. కీబోర్డులు మాత్రం రెండే దొరికాయి, వైస్‌ది ఒకటి, డెక్‌ది ఒకటి. తెచ్చి వారమైంది, స్విచ్ వెయ్యాలంటే చెయ్యి రావట్లేదు. వీటిని ల్యాప్‌టాప్‌కి కలిపి రెండో స్క్రీన్‌లా వాడుకోవచ్చా? భీమవరం వైపు ఒక పాత మిల్లులో ఇంకో ఎనిమిది ఉన్నాయంటున్నారు, అవి కూడా కొననా? తర్వాత అమ్మితే డబ్బులొస్తాయా? అమ్మ మాత్రం ఈ ఇనప సామాన్లకి ఇల్లు చాలదంటోంది."

తమ్ముడూ, వారం రోజులు స్విచ్ వెయ్యకుండా ఆగావు చూడు, అదే ఇప్పటిదాకా నువ్వు చేసిన అన్నిటికంటే మంచి పని. ఇంకొన్నాళ్ళు ఆగు. ఇరవై ఏళ్ళ పైన స్టోర్ రూములో పడున్న పెట్టెకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే అది బతికే అవకాశం ఎంతుందో చచ్చిపోయే అవకాశమూ అంతే ఉంది, అదీ మన డెల్టాలో. పొడి ఊళ్ళలో దాచినవి దుమ్ము పట్టి ఉంటాయంతే. మన దగ్గర దుమ్ముతో పాటు చెమ్మ, ఉప్పు గాలి, బూజు, చీమలు, బల్లి గుడ్లు, ఒక్కోసారి ఎలుక కూడా. నరసాపురం వైపు సముద్రం గాలి తగిలే ఊళ్ళలో అయితే రాగి మీద పచ్చగా చిలుము పట్టడం ఎంత త్వరగా జరుగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో పాత బిందెలు చూస్తే తెలుస్తుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. తొంభైల్లో నేను రాజమండ్రిలో ఉండి, బ్యాంకులకీ రైసు మిల్లులకీ కంప్యూటర్ సర్వీసుకి బస్సుల మీద తిరిగేవాణ్ణి. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో ఒక ఆఫీసుకి వెళ్ళాను. రేకులు లేచిపోయి ఆరు టెర్మినళ్ళ మీద వాన పడింది. కరెంటు వచ్చేసరికి చాలా రోజులు పట్టింది కాబట్టి పైకి చూస్తే అన్నీ ఎండిపోయినట్టే ఉన్నాయి. బయట జనం నిలబడి ఉన్నారు, మేనేజరు గారు తొందరపెడుతున్నారు, నేను మూత తియ్యకుండానే మొదటిదానికి స్విచ్ వేశాను. కర్సర్ కూడా వచ్చింది. రెండు నిమిషాల తర్వాత లోపల టప్‌మని శబ్దం, పక్కనున్న గాలి సందుల్లోంచి తెల్లటి పొగ, గదంతా ఘాటు వాసన. మిగతా ఐదూ విప్పి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, తుడిచి వేస్తే ఐదూ పనిచేశాయి. ఆ మొదటిది మాత్రం మళ్ళీ లేవలేదు. అందులో చెడిపోయేంత పాడు ఏమీ లేదు, నా తొందరే దాన్ని తీసేసింది. ఇన్నేళ్ళయినా అది నాకు గుర్తే.

ముందు నీ రెండో స్క్రీన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ చిన్న పొరపాటు పడుతున్నావు. టెర్మినల్ అంటే మానిటర్ కాదు. మానిటర్‌కి బొమ్మ పంపాలి, టెర్మినల్‌కి అక్షరాలు పంపాలి. ల్యాప్‌టాప్‌లో సినిమా తెరని దాని మీదకి లాగుదామంటే కుదరదు. అటు వైపు నుంచి తీగలో "ఎ" అనే అక్షరం కోడు వస్తే, ఆ అక్షరాన్ని ఎలా గియ్యాలో ఆ పెట్టెలో ఉన్న చిప్పులే చూసుకుంటాయి. నువ్వు కీబోర్డు మీద "బి" నొక్కితే ఆ కోడు అటు వెళ్తుంది, అటున్న కంప్యూటరు దాన్ని తిరిగి పంపితేనే స్క్రీన్ మీద పడుతుంది. అంటే నీ వేలికీ నీ కంటికీ మధ్యలో ఆ పెద్ద కంప్యూటరు ఉంటుందన్నమాట. బ్యాంకులో మావయ్య గారు ఖాతా నంబరు కొడితే, లోపలి గదిలో యునిక్స్ అనే సాఫ్ట్‌వేరుతో నడిచే ఒకే ఒక్క మిషను ఆ పని చేసేది, కౌంటర్ల మీదున్న ఏడెనిమిది టెర్మినళ్ళు దానికి కళ్ళూ చేతులూ. అప్పట్లో కంప్యూటరు ఖరీదు అలాంటిది, బల్లకొకటి పెట్టే రోజులు కావు. 1985లో ఢిల్లీలో మొదలైన రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ కూడా ఇదే పద్ధతి, లోపల డెక్ కంపెనీ వారి వ్యాక్స్ అనే పెద్ద కంప్యూటర్లు, కౌంటర్లలో టెర్మినళ్ళు. బ్యాంకుల్లో అయితే ఎనభైల్లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు రంగరాజన్ కమిటీ నివేదికల తర్వాత మెల్లమెల్లగా వచ్చాయి.

నీ దగ్గరున్న వీటీ220 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డెక్ వాళ్ళు 1978లో వీటీ100 తెచ్చారు, అందులో ఇంటెల్ 8080 చిప్పు ఉండేది. కర్సర్‌ని ఫలానా వరుసకి జరుపు, ఇక్కడి నుంచి చెరిపెయ్యి, ఈ ముక్కని వెలిగించి చూపించు, ఇలాంటి ఆజ్ఞలకి అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ పెట్టిన కోడ్లని అది పాటించింది. జనం దాన్ని ఎంతగా వాడారంటే తర్వాత వచ్చిన వాళ్ళంతా అదే భాష నేర్చుకోవాల్సి వచ్చింది. వీటీ220 దాని తర్వాతి తరం, 1983 చివర్లో వచ్చింది. ఈ రోజు నీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిస్తే, ఆ కిటికీ ఇప్పటికీ నేను వీటీ టెర్మినల్‌నే అని నటిస్తూ ఉంటుంది. ఆ కిటికీ దేన్ని అనుకరిస్తోందో ఆ అసలు మనిషి నీ బల్ల మీద ఉన్నాడు. ఇంకొకటి చూడు, దాని కీబోర్డు, ఎల్‌కే201 అంటారు, దాని మీద బాణం గుర్తుల మీటలు కింద మూడు, పైన ఒకటి ఉంటాయి. ఇప్పుడు నీ ల్యాప్‌టాప్ మీద కూడా అలాగే ఉన్నాయి కదా, ఆ అమరిక జనానికి అలవాటైంది ఆ కీబోర్డుతోనే. అందుకే చెప్తున్నాను, ఆ కీబోర్డుని జాగ్రత్తగా చూసుకో.

సరే, మూత తీద్దాం. వెనక్కి తిప్పి ముందు వోల్టేజి చూడు. కొన్ని పెట్టెలకి వెనకాల 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, కొన్నింటికి లేబులే ఉంటుంది. బ్యాంకులో వాడినవే కాబట్టి 230లోనే ఉండాలి, అయినా వేలంలో చేతులు మారినప్పుడు పిల్లలెవరో గోటితో తిప్పి ఉండొచ్చు. 115లో ఉండగా మన కరెంటు ఇస్తే ఇక మాట్లాడుకోవడానికేమీ ఉండదు.

తర్వాత లోపల. ఇక్కడ నీకు ఒక షరతు పెడుతున్నాను, పిక్చర్ ట్యూబు దగ్గర ఒంటరిగా చెయ్యి పెట్టకు. ట్యూబు పక్కన రబ్బరు టోపీ లాంటిది అతికించి ఉంటుంది, దాని కిందకి పది వేల వోల్టుల పైన వెళ్తుంది, ప్లగ్ పీకేశాక కూడా ఆ ఛార్జి లోపల నిలిచి ఉండొచ్చు. కరెంటు సప్లై బోర్డు మీదున్న, ఛార్జిని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్‌లో కూడా 325 వోల్టుల దాకా ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడనిదాంట్లో ఛార్జి ఉండదులే అనిపిస్తుంది, నిజమే, చాలావరకు ఉండదు, కానీ నువ్వు ఒకసారి స్విచ్ వేసి చూసి మళ్ళీ విప్పినప్పుడు ఉంటుంది, దెబ్బ తగిలేది అప్పుడే. అందుకని మీ ఊళ్ళోనో పాలకొల్లులోనో బ్లాక్ అండ్ వైట్ టీవీలు బాగుచేసిన పాత మెకానిక్ ఒకాయన ఉండే ఉంటారు, ఇప్పుడు షాపు మూసేసి ఇంట్లో కూర్చుని ఉండొచ్చు, ఆయన్ని వెతికి పట్టుకో. ఈ టెర్మినల్ లోపలి సగం ఆయనకి తెలిసిన బ్లాక్ అండ్ వైట్ టీవీయే. ఈహెచ్‌టీ, అంటే ట్యూబుకి వేల వోల్టులిచ్చే భాగం, ఎక్కడుందో, ట్యూబు ఛార్జి ఎలా దింపాలో, ట్యూబు మెడ పట్టుకుని ఎందుకు ఎత్తకూడదో ఆయన చేతులకి తెలుసు. గౌరవంగా పిలిచి, టీ ఇచ్చి, పక్కన కూర్చుని నేర్చుకో. ఆ విద్య కూడా ఈ పెట్టెలతో పాటే పోతోంది.

విప్పే ముందు ప్రతి కనెక్టరుకీ ఫోన్లో ఫొటో తీసుకో. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులుపు, గట్టిగా ఊదకు, నోటి చెమ్మ పడుతుంది. తర్వాత టార్చి వేసి కెపాసిటర్లు ఒక్కొక్కటీ చూడు. పైన ఉబ్బినవి, కింద జిగురు కారినట్టు మరక పడినవి మార్చాలి. కరెంటు తీగ బోర్డులోకి వచ్చే చోట, ఫిల్టరు దగ్గర, లేత పసుపు రంగులో గాజులా కనపడే దీర్ఘచతురస్రం కెపాసిటర్ ఒకటి ఉందేమో చూడు. కాయితంతో చేసిన ఆ రకం కెపాసిటర్లకి ఏళ్ళు గడిచేకొద్దీ పైన సన్నటి పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోంచి తేమ లోపలికి పోతుంది, స్విచ్ వేశాక కాసేపటికి పేలి పొగ కక్కుతాయి. కోనసీమలో నేను చూసిన పొగ ఇదే. పగులు కనపడినా కనపడకపోయినా దాన్ని తీసి, కరెంటు తీగ దగ్గర వాడే ఎక్స్2 రకం కొత్తది వెయ్యి, ఖరీదు చాలా తక్కువ.

కొన్ని మోడళ్ళలో సెటప్ గుర్తుపెట్టుకోవడానికి బోర్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కారి చుట్టూ పచ్చగానో తెల్లగానో పొడి పట్టి ఉంటే బ్యాటరీ తీసేసి, ఆ చోటుని వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చెయ్యి.

ఆరబెట్టడం గురించి. ఎండలో పెట్టకు, ప్లాస్టిక్ పసుపెక్కి పెళుసవుతుంది. మూత తీసి, గాలి ఆడే గదిలో, నేల మీద కాకుండా చెక్క బల్ల మీద రెండు మూడు రోజులు ఉంచు. ఇది మే నెల కాబట్టి నీ అదృష్టం, రోహిణి కార్తె వేడికి లోపలి చెమ్మంతా లాగేస్తుంది. ఇదే పని శ్రావణంలో ముసురు పట్టాక చేద్దామంటే పది రోజులకీ ఆరదు.

ఇప్పుడు మొదటి కరెంటు. నేరుగా వద్దు, సీరీస్ బల్బు కట్టించు, అంటే కరెంటు ఒక బల్బు మీదుగా టెర్మినల్‌కి వెళ్ళాలి. మీ ఊరి ఎలక్ట్రీషియన్‌కి చెప్తే ఐదు నిమిషాల్లో చేసిస్తాడు. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. స్విచ్ వెయ్యగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారిపోతే లోపల అంతా సుమారుగా బాగుందని అర్థం. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉంది, వెంటనే తీసెయ్యి. ఎవరైనా డిమ్మర్‌స్టాట్ పెట్టి 50 వోల్టుల నుంచి మెల్లగా పెంచమంటే వినకు, అది పాత రేడియోలకి మంచి పద్ధతే గానీ వీటిలో ఉండేది ఎస్‌ఎంపీఎస్ అనే స్విచింగ్ రకం కరెంటు సప్లై, తక్కువ వోల్టేజిలో అది ఇంకా ఎక్కువ కరెంటు లాగి ఇబ్బంది పడుతుంది. మొదటిసారి ఇంట్లో కాకుండా వరండాలో వెయ్యి, పక్కన ఒక మనిషి ఉండాలి, పిల్లలు ఉండకూడదు. ఆ తర్వాత ఎప్పుడు వాడినా స్టెబిలైజరు మీదే వాడు. మీ వైపు చెరువుల్లో ఏరేటర్లు ఒక్కసారి ఆగినప్పుడూ మొదలైనప్పుడూ కరెంటు ఎలా ఊగుతుందో నాకు తెలుసు.

అన్నీ కుదిరితే, ఇరవై ముప్పై సెకన్లకి ట్యూబు వేడెక్కి, ఒక మూల నుంచి కర్సర్ మెల్లగా వెలుగులోకి వస్తుంది. ఆ క్షణం నువ్వే చూడాలి, నేను రాస్తే రాదు. కంగారు పడకుండా స్క్రీన్ అంతా ఒకసారి చూడు. నా దగ్గరున్న ఒక వైస్‌ని ఆపేసి పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే గాజు వెనక లెడ్జర్ పేజీ గీతలు, కింద మెనూలో 1 నుంచి 9 దాకా అంకెలు ఇప్పటికీ కనపడతాయి. ఏళ్ళ తరబడి పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఒకే బొమ్మ చూపించి చూపించి ట్యూబు లోపలి పూత అక్కడక్కడ అరిగిపోయింది. దాన్ని పోగొట్టే మందు లేదు. నాకైతే అది లోపంలా అనిపించదు, ఆ పెట్టె ఎక్కడ పనిచేసిందో చెప్పే గుర్తు అది. నీవాటికీ ఉంటే ముందు మావయ్య గారికి చూపించు. ఇకముందు అరగకుండా సెటప్‌లో స్క్రీన్ సేవర్ ఉంటే ఆన్ చేసి పెట్టు, వెలుగు తగ్గించి వాడు. స్క్రీన్ అంచుల్లో గుండ్రటి తెల్లమచ్చలు కనపడితే మాత్రం అది వేరే సంగతి, ట్యూబుకీ ముందున్న రక్షణ గాజుకీ మధ్య జిగురు పాడై బూజు పట్టినట్టు అవుతుంది. చూపుకి అడ్డం గానీ పనికి అడ్డం కాదు, ఇప్పట్లో దాని జోలికి వెళ్ళకు.

ల్యాప్‌టాప్‌కి కలపకముందే ఒక పరీక్ష ఉంది, డబ్బు ఖర్చు లేనిది. సెటప్‌లోకి వెళ్ళు. వీటీ220లో ఎఫ్3 మీట, వైస్ 60లో షిఫ్ట్ పట్టుకుని సెలెక్ట్. ముందు లోకల్ అనే మోడ్‌లో పెట్టి అక్షరాలు కొట్టు, స్క్రీన్ మీద పడితే కీబోర్డూ స్క్రీనూ బాగున్నట్టే. తర్వాత మళ్ళీ ఆన్‌లైన్ మోడ్‌కి మార్చి కొట్టు, ఏమీ పడకూడదు, ఎందుకంటే తిరిగి పంపే కంప్యూటరు అటు లేదు. ఇప్పుడు పెట్టె ఆపేసి, వెనకాల 25 పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులని చిన్న తీగతో కలిపి, మళ్ళీ ఆన్ చేసి కొట్టు. నువ్వు కొట్టిన అక్షరం 2 నుంచి బయటికి వెళ్ళి, ఆ తీగ మీదుగా 3 లోంచి వెనక్కి వచ్చి స్క్రీన్ మీద పడుతుంది. తీగ తీస్తే ఆగిపోతుంది. ఇది పనిచేసిందంటే నీ టెర్మినల్‌కి నూటికి తొంభై పాళ్ళు ఆరోగ్యం ఉన్నట్టే.

పనిచెయ్యకపోతే చాలాసార్లు దోషం 1488, 1489 అనే రెండు చిన్న చిప్పులది. తీగలోకి సిగ్నల్ తోసేది ఒకటి, తీగలోంచి అందుకునేది ఒకటి. పిడుగులు పడే రోజుల్లో నేను బ్యాగులో అన్నిటికంటే ఎక్కువగా మోసింది వీటినే. టెర్మినల్‌ని కంప్యూటరుకి కలిపే ఆర్‌ఎస్-232 అనే సీరియల్ తీగ మామూలుగా 15 మీటర్ల లోపు ఉండాలి, ఆఫీసుల్లో గోడల మీదుగా, పైకప్పు మీదుగా అంతకి రెండింతలు లాగేవాళ్ళు, దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ తీగ దాన్ని పట్టుకునేది. చిప్పులు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. నీ వైస్‌లో అవే ఉన్నాయా, వాటి బదులు వేరేవి ఉన్నాయా అన్నది మూత తీసినప్పుడు చూసుకో. వాన వస్తే నువ్వు కూడా ప్లగ్‌తో పాటు ఆ సీరియల్ తీగ కూడా పీకెయ్యి.

ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ కొను. 9 పిన్నుల మొగ కనెక్టరు ఉండి, ఆర్‌ఎస్-232 అని స్పష్టంగా రాసి ఉండాలి. హాబీ షాపుల్లో నాలుగు తీగలు వేలాడే చిన్న బోర్డు ఇస్తారు, అది 3.3 లేదా 5 వోల్టులది, టెర్మినల్ తీగలో ప్లస్ 12, మైనస్ 12 దాకా వస్తాయి, నేరుగా కలిపితే ఆ బోర్డు పోతుంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు వాడినా అంతే, మధ్యలో ఆ వోల్టుల తేడాని సర్దే మ్యాక్స్3232 లాంటి చిప్పు ఉన్న బోర్డు ఉండాలి. కేబులు బజార్లో వెతక్కుండా నువ్వే చేసుకో, మూడే తీగలు. 25 పిన్నుల వైపు 2 నుంచి 9 పిన్నుల వైపు 2కి, 3 నుంచి 3కి, 7 నుంచి 5కి. రెండు వైపులా ఒకే అంకెలు కాబట్టి నేరు కేబులులా కనపడుతుంది గానీ కాదు, 25 పిన్నుల్లో 2 అంటే పంపేది, 9 పిన్నుల్లో 2 అంటే అందుకునేది, అందుకే అది సరిగ్గా సరిపోతుంది. వెనకాల ఉన్నది మొగ కనెక్టరా ఆడ కనెక్టరా అని చూసి దానికి ఎదురుది కొనుక్కో.

టెర్మినల్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ సెట్టింగులు ఒకటే ఉండాలి: వేగం 9600 బాడ్, 8 బిట్లు, తప్పుల్ని పట్టే పారిటీ బిట్ లేదు, అక్షరం చివర ఒక స్టాప్ బిట్, ఆగు, సాగు అని చెప్పే ఎక్స్‌ఆన్ ఎక్స్‌ఆఫ్ ఆన్. లినక్స్‌లో సీరియల్ గెట్టీ అనే సర్వీసుని ఆ యూఎస్‌బీ పోర్టు మీద మొదలుపెడితే టెర్మినల్ మీద లాగిన్ అని వస్తుంది. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ తేడా. సగం అక్షరాలు సరిగ్గా, సగం తప్పుగా వస్తే పారిటీ తేడా. మాటల మధ్యలో చదరపు బ్రాకెట్లూ విడి అక్షరాలూ వస్తున్నాయంటే టెర్మినల్ రకం తప్పు చెప్పావని, వీటీ220కి వీటీ220 అనీ, వైస్‌కి వైస్60 అనీ విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే వైస్ 60 వీటీ భాష మాట్లాడదు, దానిది సొంత భాష. లినక్స్‌లో భాషా సెట్టింగుని (లొకేల్ అంటారు) "సి" అని పెట్టు, లేకపోతే లినక్స్ యూనికోడ్ పంపుతుంది, ఆ పాత పెట్టెకి అది తెలీదు. స్క్రీన్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే చెడిపోయిందనుకోకు, పొరపాట్న కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటావు, కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. ఈ ఒక్క కారణంతో నన్ను తణుకు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎన్నిసార్లు పిలిచారో.

9600 దగ్గర సెకనుకి 960 అక్షరాలు వస్తాయి. స్క్రీన్‌కి 80 అక్షరాల వరుసలు 24, అంటే 1,920 అక్షరాలు, నిండడానికి రెండు సెకన్లు. ఒకసారి బాడ్‌ని 1200కి దించి చూడు, అదే స్క్రీన్ నిండడానికి పదహారు సెకన్లు పడుతుంది, అక్షరం వెనక అక్షరం వరుస కట్టి నడిచొస్తున్నట్టు ఉంటుంది, ఆ వేగంలో చదువుతూ చదువుతూ వెళ్ళొచ్చు. నేను ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఒక గంట రాతపని నా వీటీ మీదే చేసుకుంటాను, నోటిఫికేషన్లు లేవు, పక్క కిటికీ లేదు, ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఏమీ లేవు.

తెలుగు రాదా అని నువ్వు అడగలేదు గానీ చెప్తాను. ఈ మూడింటిలో రాదు. కానీ పుణెలోని సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ వాళ్ళ జిస్ట్ టెక్నాలజీతో మన లిపులు చూపించే కార్డులు, టెర్మినళ్ళు వచ్చాయి, 1991లో ఇస్కీ అనే కోడు ప్రమాణంగా కూడా స్థిరపడింది. ఎక్కడైనా పాత ప్రభుత్వ ఆఫీసు సామాన్లలో కీల మీద తెలుగు అక్షరాలున్న టెర్మినల్ కనపడితే, పనిచేస్తుందా లేదా అని అడక్కుండా తీసుకో. వీటీ100లని దాచే వాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు, మనవాటిని దాచేది మనమే, ఇంకెవరూ రారు.

ఇక ఆ ఎనిమిది. ఇప్పుడు కొనొద్దు. మూడింటిలో ఒకటి వెలిగి, దాని మీద నువ్వు ఒక నెల పని చేశాక వెళ్ళి చూడు. ఈ సరదాలో చాలామంది చేసే తప్పు ఇదే, ఇరవై పెట్టెలు గదిలో పేర్చి ఒక్కటీ వెలిగించరు, చెమ్మకి అన్నీ కలిసి పోతాయి. టెర్మినల్ అటకెక్కితే పాత ఇనుమే, అమ్మ గారి మాటలో తప్పులేదు. వెళ్ళినప్పుడు కూడా పెట్టెల కంటే ముందు కీబోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, దాని తర్వాత మాన్యువళ్ళు, కేబుళ్ళు, వెనక గదిలో, చాలా టెర్మినళ్ళని ఒకేసారి కలిపే మల్టీపోర్టు కార్డు ఉన్న పాత సర్వరు. వైస్ 60కి మామూలు పీసీ కీబోర్డు పెట్టి నడిపిద్దామంటే కుదరదు, దాని తీరు వేరు. కీబోర్డుల మీద మోజున్న వాళ్ళు ఎల్‌కే201 లాంటివాటిని విడిగా అడుగుతారు, ఎంతిచ్చినా విడదియ్యకు, కీబోర్డు పోయిన టెర్మినల్ కళ్ళుండి చేతుల్లేని మనిషితో సమానం. నీ మూడోదాన్ని, కీబోర్డు లేనిదాన్ని, విడిభాగాల కోసం ఉంచు. ఇంకో కీబోర్డు దొరికితే దానికీ రోజులొస్తాయి.

డబ్బు కోసమైతే ఇది పట్టుకోకు. బయటి దేశాల్లో కొనేవాళ్ళు ఉన్నా గాజు ట్యూబుని సముద్రం దాటించడం ఖర్చూ, పగిలిపోయే భయమూ. వద్దనుకున్నదాన్ని పాత సామాన్ల బండికి వెయ్యకు, రాగి చుట్ట కోసం ట్యూబు పగలగొట్టి గాజుని కాలవ గట్టున పోస్తారు, ఆ గాజులో సీసం ఉంటుంది, ఆ కాలవ నీళ్ళే చేలకీ చెరువులకీ వెళ్తాయి. ఈ-వ్యర్థాలకి అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు కూడా అదే చెప్తున్నాయి.

అమ్మ గారితో గొడవ పడకు. హాల్లోంచి తీసి నీ గదిలో ఒక మూల, గోడకి జానెడు ఎడంగా, చెక్క స్టూలు మీద పెట్టు. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమ్మ పట్టుకుంటుంది, పాత నూలు దుప్పటి చాలు. వానాకాలంలో వారానికి రెండుసార్లు అరగంట వెలిగించు, ఆ వేడే దానికి మందు. మిగతా రెండింటినీ బీరువా లాంటి మూతున్న చోట సిలికా జెల్ సంచులు వేసి ఉంచు, సంచులు రంగు మారితే మూకుడులో వేడి చేసి మళ్ళీ వాడొచ్చు.

ఇంకో సంగతి, బ్యాంకువి కదా, జనం లెక్కలు వీటిలో ఉంటాయేమోనని భయం ఉంటే అది వదిలెయ్యి, వీటిలో డిస్కు ఉండదు. కానీ ఫంక్షన్ మీటల్లో కొందరు తమ లాగిన్ పేరూ పాస్‌వర్డూ దాచుకునేవాళ్ళు, ఒక్క మీట నొక్కితే పడిపోయేలా. ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏదైనా ఉంటే చెరిపెయ్యి, బయటికి చెప్పకు.

పని మొదలయ్యాక మొదటి లాగిన్ నువ్వు చెయ్యకు. మావయ్య గారిని పిలిచి కూర్చోబెట్టు. ఆయన రోజూ ఏ మీటలు ముందు నొక్కేవారో, వడ్డీ లెక్కలు వేసే అర్ధ సంవత్సరం రాత్రుళ్ళు ఎన్ని గంటలకి ఇల్లు చేరేవారో, మిషన్ ఆగిపోతే కౌంటరు దగ్గర జనానికి ఏం చెప్పేవారో అడిగి ఫోన్లో రికార్డు చేసుకో. సర్క్యూట్లు నాలాంటి వాళ్ళం ఎవరమైనా చెప్తాం, ఇది మాత్రం ఆయన దగ్గరే ఉంది.

తొలకరికి ఇంకా మూడు వారాలుంది. ఈ ఆదివారం ఆ మెకానిక్ గారిని వెతుకు, 2, 3 పిన్నులు కలిపాక ఏమైందో రాయి. ఏమీ పడకపోయినా రాయి, మూత లోపలి ఫొటోలు కూడా పంపు, చూసి చెప్తాను.